పాత బుల్లెట్‌కి కొత్త వైరింగ్: పుదుపేట కరెంటు షాపు మీద నా రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను. మీ దగ్గర పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజన్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బైకు ఉండి, అది చెన్నైలో తిరుగుతూ, వానలు మొదలవగానే దాని కరెంటు వ్యవహారం మీ ప్రాణం తోడేస్తుంటే పుదుపేటలోని ఈ షాపుకి వెళ్లండి. పని గట్టిది. వచ్చే శనివారం పాండిచ్చేరి రైడ్ ఉంది, ఆలోపు బండి చేతికి రావాలి అనుకునేవాళ్లు మాత్రం వెళ్లొద్దు. ఈ షాపు మెకానిక్ చేతి మీద నాకు ఎంత నమ్మకం ఉందో, ఈయన చెప్పే తేదీల మీద అంత అపనమ్మకం ఉంది.

షాపు పేరు రాయమని అడగకండి, బోర్డే లేదు. పాత కార్ల డోర్లూ బంపర్లూ గుట్టలు పోసి ఉండే సందులు దాటి, కూవం నది వైపు కొంచెం నడిస్తే ఒకే ఒక్క షట్టరు, లోపల ఒక బల్ల, గోడ నిండా రంగురంగుల వైర్ల చుట్టలు. బోర్డు ఎందుకు పెట్టలేదన్నా అంటే "పెడితే స్కూటీలు వస్తాయి సార్" అన్నాడు. మనిషి వెలిగించేది పాత బుల్లెట్లు, ఆర్ఎక్స్ 100లు, యెజ్డీలు, అంతే. అచ్చమైన మద్రాసు తెలుగు మాట్లాడతాడు, మధ్యలో తమిళం దొర్లుతుంటుంది. తెలుగు చదవడం, రాయడం మాత్రం రాదు. ఈ ఊళ్లో తరాలుగా ఉన్న మనవాళ్లలో చాలామంది అంతే కదా. దీని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

బండి సంగతికొస్తే, 1990ల చివరి 350 స్టాండర్డ్. 12 వోల్టులు, పాయింట్ సెట్ ఇగ్నిషన్ (మూసుకుని తెరుచుకునే రెండు కాంటాక్టులతో స్పార్క్ వచ్చే పాత పద్ధతి), కిక్ మాత్రమే. నిజానికి ఈ ఊళ్లోనే పుట్టిన బండి: ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో ఇక్కడే మొదలైంది, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు బుల్లెట్లు తయారయ్యాయి. అయినా ఈ ఊరి గాలి దాని వైరింగ్‌కి పడదు. సముద్రం మీది ఉప్పు గాలి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మోకాలి లోతు నీళ్లు నిలిచే రోడ్లు, ఇవన్నీ కలిసి రాగిని తినేస్తాయి. నా బండిలో పాత వైరు తొక్క ఒలిచి చూపించాడు, ఎర్రగా మెరవాల్సిన రాగి కొన్నిచోట్ల నల్లబడింది, కొన్నిచోట్ల ఆకుపచ్చ చిలుము పట్టి ముట్టుకుంటే పొడిలా రాలింది. పైన చూస్తే తొక్క బాగానే ఉంటుంది, అదే దరిద్రం.

దానికి తోడు నాకంటే ముందు ఈ బండి నడిపిన వాళ్లంతా తలా ఒక గుర్తు వదిలి వెళ్లారు. ఒకాయన అలారం పెట్టించాడు, తర్వాతి ఆయన దాన్ని పీకించాడు గానీ వైర్లు అలాగే మడిచి టేపు చుట్టేశాడు, ఇంకొకరు డబుల్ హారన్, మరొకరు క్రాష్ గార్డుకి ఫాగ్ లైట్లు, మధ్యలో ఎవరో హెడ్‌లైటుని ఏసీ నుంచి డీసీకి మార్చారు. ఫలితం ఏంటంటే బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మినుకుమనేది, హారన్ కొడితే హెడ్‌లైట్ వాలిపోయేది, కుడి ఇండికేటర్ వేస్తే స్పీడోమీటర్ లైటు కూడా దాంతోపాటు తాళం వేసేది. ఇంతకుముందు మా ఏరియాలో ఒకచోట చూపిస్తే అతను సీటు కూడా విప్పకుండా, చేతికి అందినంత మేర కొత్త టేపు చుట్టి, 600 తీసుకుని "ఇక చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వాన దాకా కూడా ఆగలేదు.

ఇక్కడికి రాకముందు వేరే దారులు ఆలోచించకపోలేదు. జీపీ రోడ్డులో బుల్లెట్‌కి రెడీమేడ్ వైరింగ్ కిట్ దొరుకుతుంది, ధర కూడా పెద్దగా ఉండదు. మీ బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే నిస్సంకోచంగా అదే వేయించుకోండి, ఈ రివ్యూ ఇక్కడే ఆపేయొచ్చు. చిక్కు ఏంటంటే ఆ కిట్ పాత డిజైనుని ఉన్నదున్నట్టు దించుతుంది, అందులోని బలహీనతలతో సహా. వైరు నాణ్యత కూడా ఒక్కో ప్యాకెట్‌లో ఒక్కోలా ఉంటుంది. రెండో దారి జర్మనీ వాళ్ల మోటోగాడ్జెట్ ఎం-యూనిట్ లాంటి డిజిటల్ పెట్టె. ఫ్యూజులు, ఫ్లాషర్, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు) అన్నీ అరచేతిలో పట్టేంత డబ్బాలో ఉంటాయి, స్విచ్‌లకి సన్నని సిగ్నల్ వైర్లు చాలు. గొప్ప వస్తువే, కాదనను. కానీ కస్టమ్స్ కూడా కలుపుకుంటే బండి మీద ప్రేమ తగ్గిపోయే ధర. పైగా తిండివనం దగ్గర ఆగిపోతే దాన్ని విప్పి చూసేవాడు దొరకడు. ఈయన వాడే మామూలు రిలే అయితే ఏ ఊరి స్పేర్ పార్ట్స్ షాపులో అయినా దొరుకుతుంది.

ఈయన దగ్గర నాకు మొదట నచ్చింది ఏంటంటే వెంటనే స్పానర్ పట్టలేదు. హెడ్‌లైట్ వేయించి, మల్టీమీటర్ తీసి, బ్యాటరీ మీద పెట్టాడు: 12.4. తర్వాత హెడ్‌లైట్ డూమ్ (లైటుండే గిన్నె) తెరిచి, వెలుగుతున్న బల్బు పిన్నుల మీద పెట్టాడు: 10.9. అంటే ఒకటిన్నర వోల్టు దారిలోనే మాయం. ఒకటిన్నరే కదా అనుకుంటాం. బల్బు వెలుగు వోల్టేజీ తగ్గినంత నిదానంగా తగ్గదు, దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. ఆ లెక్కన నా బల్బు వెలుగులో మూడో వంతుకి పైగా తుప్పు పట్టిన కనెక్టర్ల పాలవుతోంది. బల్బు తీసేసి ఒట్టి వైరు మీద మీటరు పెడితే ఈ లోటు కనబడదు, కరెంటు పారుతున్నప్పుడే బయటపడుతుంది. ఇన్నాళ్లూ చూసినవాళ్లందరూ టెస్టర్ లైటు వెలిగింది కాబట్టి లైన్ బాగుంది అని తేల్చేశారు.

ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చి, బండిలో ఏమేం ఉండాలో రాయమన్నాడు. ఫాగ్ లైట్లు వద్దు, అలారం వద్దు, రెండో హారన్ వద్దు, ఫోన్ ఛార్జర్ కావాలి అని రాశాను. పక్కన ఇంకొక కుర్రాడు తన బండికి ఇండికేటర్లు, బ్రేక్ లైటు కూడా పీకేసి "క్లీన్ లుక్" కావాలంటే ఈయన ససేమిరా అన్నాడు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీవోకి వెళ్లాలి, అక్కడ హారన్, బ్రేక్ లైటు, ఇండికేటర్ అన్నీ చూస్తారు, అప్పుడు మళ్లీ నా దగ్గరికే వస్తావు అన్నాడు. వెనకాల వచ్చేవాడి సంగతి కూడా ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది, కానీ కుర్రాడికి ఆర్టీవో భయమే పనిచేసింది.

సింపుల్ చేయడం అంటే వైర్లు తగ్గించడం అనుకుని వెళ్లాను. చివరికి చూస్తే కొన్నిచోట్ల వైర్లు పెరిగాయి! ముఖ్యంగా ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. పాత పద్ధతిలో హెడ్‌లైట్ ఎర్త్ డూమ్ ఇనుము మీదుగా, స్టీరింగ్ బేరింగుల గుళ్లూ గ్రీజూ దాటుకుంటూ ఫ్రేముకి చేరి, అక్కడి నుంచి పెయింటు పొరలు చీల్చుకుని బ్యాటరీకి రావాలి. పాపం కరెంటు. ఈయన హెడ్‌లైట్ నుంచి, వెనక లైటు నుంచి, రెక్టిఫైయర్ (ఇంజన్ దగ్గర పుట్టే ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) నుంచి, ఇంజన్ నుంచి విడివిడిగా ఎర్త్ వైర్లు తెచ్చి, పెయింటు గీకిన ఒకే బోల్టు దగ్గర థింబుళ్లతో (వైరు కొనకి బిగించే రింగులు) కలిపి, అక్కడి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి మందపాటి వైరు వేశాడు. ఇండికేటర్‌తో పాటు స్పీడో లైటు ఆడే రోగం ఈ ఒక్క పనితోనే పోయింది.

కరెంటు దారిలోంచి తీసేసిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఆంప్ మీటర్, అంటే బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని చూపే ముల్లు మీటరు. దీని మీద మా ఇద్దరికీ కాసేపు వాదన నడిచింది. ఆ ముల్లు అటూ ఇటూ ఊగుతుంటేనే నాకు బుల్లెట్ నడుపుతున్నట్టు ఉంటుంది. కానీ ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు: బండికి కావాల్సిన కరెంటు దాదాపు అంతా బ్యాటరీ నుంచి డూమ్ దాకా పైకెళ్లి, ఆ చిన్న మీటరు వెనక రెండు నట్ల గుండా దాటి, అప్పుడు తాళం దగ్గరికి వెళ్తుంది. వైబ్రేషన్‌కి ఆ నట్టు వదులైతే ఇంజన్‌తో సహా అన్నీ ఆగిపోతాయి. ఇప్పుడు మీటరు చోట్లోనే ఉంది, ముల్లు మాత్రం కదలదు. దాని బదులు చిన్న వోల్ట్ మీటర్ పెట్టాడు, ఛార్జింగ్ అవుతోందో లేదో అదే ఎక్కువ చెబుతుంది. ఒప్పుకున్నాను గానీ మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

కొత్త దారి ఇలా ఉంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరం కూడా పోకముందే 20 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజ్. ఫ్యూజ్ కాపాడేది వైరుని, అందుకే బ్యాటరీకి ఎంత దగ్గరుంటే షార్ట్ అయినప్పుడు మంటలకి అంత తక్కువ చోటు. అక్కడి నుంచి సైడు బాక్సులో చిన్న ఫ్యూజ్ బాక్స్, అన్నీ బ్లేడ్ ఫ్యూజులే, పాత గాజు ఫ్యూజు పోయింది. ఇగ్నిషన్‌కి ఒకటి, లైట్లకి ఒకటి, హారన్, బ్రేక్, ఇండికేటర్లకి కలిపి ఒకటి, ఛార్జర్‌కి ఒకటి. రాత్రి పూట హెడ్‌లైట్ వైరు షార్ట్ అయినా ఇంజన్ ఆగదు. పాయింట్ సెట్ బండికి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే స్పార్క్ పుట్టించే కాయిల్ బతికేదే బ్యాటరీ కరెంటు మీద. పాయింట్లు మూసుకుని ఉంటే సుమారు మూడు ఆంపియర్లు లాగుతుంది. (తాళం ఆన్‌లో వదిలేసి టీకి వెళ్లే అలవాటున్నవాళ్లు మానుకోండి, పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ కాలుతుంది, బ్యాటరీ ఖాళీ అవుతుంది.) ఇప్పుడు కాయిల్‌కి వోల్టేజీ పూర్తిగా అందుతోంది కాబట్టి పొద్దున్నే కిక్ దగ్గర పడే కుస్తీ తగ్గింది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ అమ్మేద్దామని ప్రయత్నించలేదు, అది నాకు నచ్చింది. పాయింట్లు, కండెన్సర్ మంచివైతే ఉండనీండి, ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు.

హెడ్‌లైటుకి, హారన్‌కి రిలేలు పెట్టాడు. రిలే పిన్నుల్లో 30వ నంబరుకి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా పాజిటివ్, 87 నుంచి బల్బుకి, 85, 86 స్విచ్‌కీ ఎర్త్‌కీ. ఇక హ్యాండిల్ మీదున్న ముసలి స్విచ్ మోసేది రిలే కాయిల్‌కి కావాల్సిన కొద్దిపాటి కరెంటే, బల్బు భారం దాని మీద పడదు.

బల్బు విషయంలో మాత్రం నా మాట నెగ్గనివ్వలేదు. ఎలాగూ ఇంత చేస్తున్నాం కదా, 60/55 వాట్ల హాలోజన్ వేద్దాం అన్నాను. సమాధానం చెప్పకుండా కొత్త రెక్టిఫైయర్ కూడా బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి మళ్లీ మీటరు పెట్టాడు. ఐడిలింగ్‌లో 12.3 దగ్గర ఊగుతోంది, రేజ్ చేస్తే 14.1కి వచ్చింది. ఇది 35 వాట్ల బల్బుతో, అంటే మూడు ఆంపియర్ల లోపు. 60 వాట్లంటే ఐదు ఆంపియర్లు. హైవే మీద సరే, అన్నా సాలై ట్రాఫిక్‌లో సిగ్నల్‌కొకసారి ఆగుతూ పోతే బ్యాటరీ ఇంటికొచ్చేసరికి పడుకుంటుంది సార్ అన్నాడు. ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ సంపాదనకి మించి ఖర్చు పెట్టకూడదు, అంతే లెక్క. సరే, ఎల్ఈడీ వేసేద్దామా అన్నా అంటే "వేయొచ్చు సార్, మీకు బాగా కనబడుతుంది, ఎదురొచ్చేవాడికి ఏమీ కనబడదు" అన్నాడు. ఫిలమెంట్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో సరిపడని ఎల్ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదురవుతుంది, నిజమే. పాత 35 వాట్లతోనే వచ్చాను. అయితే ఇప్పుడు అదే బల్బు దగ్గర 12.2 చూపిస్తోంది, రోడ్డు మీద తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. బల్బు మార్చాలనే మాటే మర్చిపోయాను.

చేతిపని గురించి ఒక మాట. మెయిన్ లైనుకి, ఎర్త్‌కి 2.5 స్క్వేర్ ఎంఎం, హెడ్‌లైటుకి 1.5, మిగతా వాటికి 0.75. అన్ని కొనలూ రాచెట్ క్రింపింగ్ టూల్‌తో నొక్కినవి, కటింగ్ ప్లయర్‌తో చితక్కొట్టినవి కావు. సోల్డరింగ్ చేయలేదేంటన్నా అంటే, సింగిల్ సిలిండర్ వైబ్రేషన్‌కి సోల్డర్ ఎక్కినంత మేర వైరు పుల్లలా బిగుసుకుపోయి, ఆ అంచు దగ్గరే తెగుతుందని ఒక పాత ముక్క వంచి చూపించాడు. దాని మీద, లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం). వైర్లని కలిపే కప్లర్ల మూతి కిందికి, వైరు ఒక చిన్న వంపు తిరిగి పైకి, దాంతో నీటిచుక్క కప్లర్‌లోకి పోకుండా వంపు దగ్గరే కారిపోతుంది. హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా వైరు లాగట్లేదని చూశాకే టేపు చుట్టాడు.

ఇక నేను డబ్బు ఇచ్చింది అసలు దేనికంటే ఆ కాగితానికి. పని పూర్తయ్యాక లెడ్జర్ పేజీ మీద పెన్నుతో గీసిన వైరింగ్ మ్యాప్ ఇచ్చాడు, లామినేషన్ చేయించి మరీ. ప్రతి వైరు కొనకీ నంబరున్న చిన్న స్లీవ్ ఉంది, అదే నంబరు కాగితం మీద ఉంది. పేర్లు తమిళంలో రాశాడు, నేను తమిళం కూడబలుక్కుని చదువుతాను, ఆయనకి తెలుగు రాయడం రాదు. ఇద్దరం కూర్చుని, ఆయన చదువుతుంటే నేను పక్కన తెలుగులో రాసుకున్నాను. తర్వాత మొన్నటి వానల్లో గిండీ దగ్గర బ్రేక్ లైటు, హారన్ రెండూ ఒకేసారి పోతే కాగితం తీశాను. రెండూ మూడో ఫ్యూజ్ మీదే ఉన్నాయి, ఇండికేటర్ కూడా లేదు, కాబట్టి ఫ్యూజే. మార్చాను, బ్రేక్ తొక్కగానే మళ్లీ పోయింది, అంటే తప్పు బ్రేక్ లైన్‌లో. వెనక బ్రేక్ స్విచ్ దగ్గర 14వ నంబరు కప్లర్ ఊడదీసి, ఇంకొక ఫ్యూజ్ వేసి, హారన్‌తో ఇల్లు చేరాను. స్విచ్‌లో నీళ్లు దూరాయి, కొత్తది కొన్నాను. పాత వైరింగ్ అయితే ఆ రోజు బండి ఆటో ఎక్కేది.

ఫిర్యాదులు లేవా? బోలెడు. చెప్పిన తేదీకి ఇవ్వడు, ఫోన్ ఎత్తడు, షాపుకి వెళ్తే "మీ బండి పనే జరుగుతోంది సార్" అంటాడు, బండి మాత్రం గోనెపట్టా కప్పుకుని మూల ఉంటుంది. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు ట్యాంకు దించేటప్పుడు అడుగున గీత పెట్టాడు, అడిగితే "అది కనబడదు కదా" అని సమాధానం. హారన్ బటన్ ఆయన వేసింది నాసిరకం, నేను మళ్లీ మార్చుకున్నాను. డూమ్ లోపల కనెక్టర్లు మామూలు తూటా ఆకారపు పిన్నులే, వాటర్‌ప్రూఫ్ కప్లర్లు వేయమంటే చోటు సరిపోదన్నాడు. సగం నిజమే, సగం బద్ధకం. బిల్లు ఇవ్వడు, సగం అడ్వాన్సు ముందే తీసుకుంటాడు. వైర్లు, ఫ్యూజ్ బాక్స్, రిలేలు, రెక్టిఫైయర్, కూలీ అన్నీ కలిపి నాకు 11,500 అయింది. రెడీమేడ్ కిట్ వేయించుకోవడంతో పోలిస్తే ఎక్కువే. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, పోయిన ఆ ఒక్కటీ ఫోన్ ఎత్తనందుకు.

వెళ్లేవాళ్లు పెట్రోలు అడుగంటించి తీసుకెళ్లండి, ట్యాంకు ఎలాగూ దించుతారు, అది మీరే దగ్గరుండి దించండి. బ్యాటరీ పాతదైతే ముందే మార్చుకుని వెళ్లండి, చచ్చిన బ్యాటరీ మీద కొలతలన్నీ తప్పు చూపిస్తాయని తిప్పి పంపేస్తాడు. బండికి ఏమేం కావాలో ఇంట్లోనే కూర్చుని రాసుకోండి, అక్కడ నిలబడి ఆలోచిస్తుంటే చిరాకు పడతాడు. సెప్టెంబరులోపు ఇచ్చేస్తే మేలు, వానలు మొదలయ్యాక ఆ షట్టరు ముందు ఆగిపోయిన బండ్ల వరుస ఉంటుంది.